సజ్జ మీది పెట్టె

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. డిసెంబరు సగం దాటింది. కోరుట్లలో ఈ రోజుల్లో పొద్దు గూకిందంటే చాలు, చలి వీపెక్కి కూర్చుంటుంది. వాకిట్లో మక్క బెండ్లు, రెండు తుమ్మ మొద్దులు వేసి మంట పెట్టాం. చేతులు కాచుకుంటూ మాట్లాడుకుందాం. ఈ పూట మీకు ఒక పెట్టె సంగతి చెప్పాలి.

మా చిన్నాయిన ఇల్లు విప్పి కొత్తది కడుతున్నారు. 1986లో దుబాయి పైసలతో వేసిన రెండు గదుల స్లాబు ఇల్లు అది. నాలుగేండ్ల నుంచి వానొస్తే ఉరుస్తోంది. సలాకలు తుప్పు పట్టి పెచ్చులూడుతున్నాయి. సామాన్లన్నీ వాకిట్లోకి మోస్తుంటే సజ్జ మీంచి ఒక పెట్టె దిగింది. మట్టి రంగు రెగ్జిన్ సూట్‌కేసు. తాళాలు రెండూ పోయాయి. నైలాన్ తాడు అడ్డంగా, నిలువుగా చుట్టి ముడేసి ఉంది. అదే వేళకు గల్లీలోకి పాత సామాన్ల బండి వచ్చింది.

“అది గూడ ఇచ్చెయ్యుండ్రి. ఎన్నేండ్ల సంది ఆడనే పడున్నది,” అంది చిన్నమ్మ.

చిన్నాయిన ఏమీ అనలేదు. వచ్చి, తాడు ముడి మీద చెయ్యి పెట్టి చూశాడు. “నేనేసిన ముడే,” అన్నాడు మెల్లగా. బండి వెళ్లిపోయింది. పెట్టె ఉండిపోయింది.

మూత మీద తెల్ల రంగుతో ఇంగ్లిషు అక్షరాల్లో ఆయన పేరు, ఊరి పేరు, వయా కోరుట్ల, కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్, ఇండియా అని రాసి ఉంది. ఆలోచించండి. 2014లో రాష్ట్రం మారింది. 2016లో జిల్లా మారి కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. పెట్టె సజ్జ మీంచి జానెడు కదల్లేదు కానీ దాని మీది చిరునామా సగం పాతబడిపోయింది.

తాడు విప్పితే లోపల మూల కత్తిరించిన పాత పాసుపోర్టు ఒకటి, మూడు టేపు క్యాసెట్లు, ఒక స్టూడియో ఫోటో, అరచేతిలో పట్టే డైరీ ఒకటి ఉన్నాయి. డైరీ నిండా ఆయన చేతిరాతే. చెల్లె పెండ్లికి ఆరు వేలు. బోరుకు తొమ్మిది వేలు. అవ్వ దవాఖానకు పన్నెండు వందలు. షావుకారి మిత్తి. ఏజెంటు బాకీ. స్లాబుకు సిమెంటు. పదిహేనేండ్ల జీవితం డ్రాఫ్టుల లెక్కలో ఒదిగి ఉంది. పేజీలన్నీ తిప్పి చూశాను. పంపిన ప్రతి రూపాయీ రాసుకున్న మనిషి, అక్కడ తాను ఏం కట్టాడో ఒక్క పేజీలోనూ రాసుకోలేదు.

ఆ రోజు నుంచి నా మనసులో తిరుగుతున్న మాట ఇదే. మన వలసను మనం పైసలతో కొలుస్తున్నాం. కట్టిన పని ఏ లెక్కలోకీ రావడం లేదు.

ఇక్కడొక ఓడ కథ చెబుతాను, వినండి. ఆ ఓడ పేరు ఎంపైర్ విండ్‌రష్. కరీబియన్ దీవుల నుంచి వందల మందిని ఎక్కించుకొని 1948 జూన్ 21న లండన్ దగ్గర టిల్బరీ రేవుకు చేరింది. మర్నాడు, 22న, వాళ్లు గట్టు మీద కాలు పెట్టారు. ఎక్కువమంది జమైకా వాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలో పనిచేసి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. యుద్ధంలో దెబ్బతిన్న దేశానికి అప్పుడు పనిచేసే చేతులు కావాలి. ఆ జులై 5నే బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. తర్వాతి ఏండ్లలో ఆ దవాఖానల్లో నర్సులుగా, ఆయాలుగా కరీబియన్ ఆడవాళ్లు నిలబడ్డారు. 1956లో లండన్ బస్సుల సంస్థ నేరుగా బార్బడోస్ దీవికి వెళ్లి మనుషులను పనికి తెచ్చుకుంది. బస్సులు, రైళ్లు, పోస్టాఫీసులు, కార్ఖానాలు వాళ్ల చేతుల మీదుగా నడిచాయి.

పనికి పిలిచిన దేశమే గది అద్దెకు ఇవ్వనంది. బ్రిస్టల్ నగరంలో సిటీ బస్సుల మీద నల్లవాళ్లను డ్రైవర్లుగా, కండక్టర్లుగా పెట్టుకోబోమన్నారు. 1963లో అక్కడి జనం ఆ బస్సులు ఎక్కడం మానేసి ఆ నిషేధాన్ని ఎత్తేయించారు. రెండేండ్లకు, 1965లో, వివక్షకు వ్యతిరేకంగా బ్రిటన్‌లో తొలి చట్టం వచ్చింది. అంటే ఆ వచ్చినవాళ్లు ఆ దేశానికి పనితో పాటు న్యాయం కూడా కాస్త నేర్పారు.

విండ్‌రష్ ఓడ 1954లో మధ్యధరా సముద్రంలో నిప్పంటుకొని మునిగిపోయింది. దాని పేరు మాత్రం ఒక తరానికి ఇంటి పేరైంది. ఇప్పుడు బ్రిటన్‌లో జూన్ 22ను విండ్‌రష్ దినంగా జరుపుకుంటారు. 2022లో అదే రోజున లండన్‌లోని వాటర్లూ రైల్వే స్టేషన్‌లో ఒక విగ్రహాన్ని నిలబెట్టారు. చేసింది జమైకాలో పుట్టిన శిల్పి బేసిల్ వాట్సన్. పండుగ బట్టలు కట్టుకున్న ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఒక పాప చేతులు పట్టుకొని నిలబడి ఉంటారు. వాళ్లు దేని మీద నిలబడ్డారో తెలుసా? సూట్‌కేసుల మీద. ఒకదాని మీద ఒకటి పేర్చిన సూట్‌కేసుల మీద.

ఆ బొమ్మ ఫోటో చూసినప్పుడు నాకు మా చిన్నాయిన పెట్టె గుర్తొచ్చింది. అక్కడ పెట్టెలను రైల్వే స్టేషన్ నడుమ కంచుతో పోతపోసి నిలిపారు. ఇక్కడ పాత సామాన్ల బండి దాకా వెళ్లి ఆగింది.

మన దిక్కు ఒక మాట ఉంది కదా, బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని. ఊళ్లో బతకలేనివాడికి ఈ మూడే దారులని మన పెద్దలు ఒక్క ముక్కలో చెప్పేశారు. సింగరేణి బొగ్గుబాయి సంగతి మరోసారి చెప్పుకుందాం. ముందు బొంబాయి పోదాం.

అక్కడి కామాటిపుర అనగానే జనం మనసులో వేరే బొమ్మ మెదులుతుంది. ఆ పేరు ఎక్కడిదో అడిగేవాళ్లు తక్కువ. కామాటి అంటే కూలి పని చేసేవాడు. నిజాం రాజ్యం నుంచి వెళ్లి, బొంబాయి దీవులను కలిపి నగరం చేస్తున్న కాలంలో మట్టి మోసి, రాయి పేర్చి, సున్నం కలిపిన మన తెలుగు కూలీల పేరు మీద వెలిసిన పేట అది. దేశంలోకెల్లా పెద్ద నగరాల్లో ఒకటి తన నడిబొడ్డున మన చెమట పేరు ఇంకా మోస్తోంది. ఆ పేరు వింటే మనం తల దించుకోనక్కర్లేదు, ఎత్తుకోవాలి.

అక్కడి తెలుగువాళ్లు రాయి మోయడంతో ఆగలేదు. కొందరు చదువుకున్నారు, కొందరు కంట్రాక్టర్లయ్యారు. మహాత్మా జోతిబా ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. వ్యంకు బాలోజీ కాళేవార్, జయా కరాడి లింగు అని పేర్లు మరాఠీ యాసలోకి మారిపోయినా మూలం మనదే. కులం కాడిని దించే ఉద్యమానికి పొట్టకూటికి పోయినవాళ్ల బిడ్డలు చెయ్యందించారు. మన బడి పుస్తకాల్లో ఫూలే గురించి చదువుకుంటాం. పక్కన నిలబడిన మనవాళ్ల పేర్లు కూడా పిల్లలకు తెలిస్తే ఎంత బాగుంటుంది!

మా చిన్నాయిన బొంబాయి పోయింది 1979లో. అంతకు ముందటి ఏడు సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతు కూలీలు జైత్రయాత్ర తీశారు. ఆ ఏడే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఒక దిక్కు దొరల గడీలు, ఒక దిక్కు పోలీసు క్యాంపులు, మరో దిక్కు అడుగంటిన బావులు. పడుచు పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ అవ్వలకు నిద్ర లేదు. “యాడికన్న పో బిడ్డా, పాణంతోని ఉండు,” అని మా నాయినమ్మ కొంగులో దాచిన నూరు రూపాయలు ఇచ్చి బస్సెక్కించిందట. సద్ది మూటలో జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం. వర్లిలో మన ఊరివాళ్ల గదికి చేరాడు. ఒకే గదిలో పద్నాలుగు మంది. రాత్రి పాళీవాళ్లు పనికి పోతే పగటి పాళీవాళ్లు అదే చాప మీద పడుకునేవాళ్లు. చాప ఎప్పుడూ చల్లబడేది కాదని చిన్నాయిన చెబుతాడు.

1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్లీ లేవలేదు. పరేల్, వర్లి చాళ్లలో ఉన్న మన పద్మశాలి కుటుంబాలు కొన్ని భీవండి పోయాయి, కొన్ని సూరత్ పోయాయి, కొన్ని ఇంటిదారి పట్టాయి. భీవండిలో పద్మనగర్ అనే పేటకు పోయి చూడండి. బోర్డులు తెలుగులో, తిట్లు తెలుగులో, లాలిపాటలు తెలుగులో. షోలాపూర్ సంగతీ అంతే. అక్కడ శ్రావణ పున్నమి నాడు మార్కండేయుడి రథం కదిలితే నగరం కదిలినట్టే. లండన్‌లో కరీబియన్ వాళ్లు తమ కార్నివాల్‌ను వీధుల్లోకి తెచ్చి నగరానికే పండుగ చేశారు కదా, మనవాళ్లు షోలాపూర్‌కు రథాన్ని తెచ్చారు. పొట్ట చేతపట్టుకొని పోయినవాడు కూడా దేవుణ్ణి వెంట తీసుకుపోతాడు.

ఇక సిరిసిల్ల. మొన్న అక్కడ స్నేహితుడి ఇంటికి పోయాను. గల్లీ మలుపు తిరగకముందే చెవిలో ఆ చప్పుడు పడింది. టకటక, టకటక, ఇటు ఇంట్లోంచి, అటు ఇంట్లోంచి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. నాలుగు సాంచెలు నడిపించుకునే చిన్న మనిషిని ఆసామి అంటారు. నూలు ఇచ్చి బట్ట తీసుకునేవాడు సేటు. ఆ సాంచె అనే మాట ఎక్కడిదో తెలుసా? బొంబాయి మిల్లుల్లో మరాఠీ కార్మికులు మగ్గాన్ని సాచా అనేవాళ్లు. మనవాళ్లు బొంబాయి నుంచి, భీవండి నుంచి తిరిగొస్తూ పనితనాన్ని, యంత్రాన్ని, ఆ యంత్రం పేరును కూడా మూటగట్టుకొచ్చారు. వలస ఎప్పుడూ ఒక్క దిక్కే పోదు. పోయిన దారినే ఒక పట్టణం జీవనాధారం తిరిగొచ్చింది.

స్నేహితుడి తండ్రి సాంచె ఆపకుండానే కండె మార్చాడు. డెబ్బై దాటిన వేళ్లు, దారపు పోగు తెగితే చూడకుండానే ముడేస్తున్నాయి. “ఈ ముడి యాడ నేర్చుకున్నవ్ కాకా?” అని అడిగాను. “భీవండిల, మా పెద్దన్న దగ్గర. ఆయన పరేల్ మిల్లుల నేర్చిండు,” అన్నాడు. వేలెడు దారం ముడిలో మూడు ఊళ్ల చరిత్ర ఉంది. 2017 నుంచి బతుకమ్మ పండుగకు ప్రభుత్వం ఇచ్చిన చీరల్లో చాలా వరకు ఈ సాంచెల మీదే నేశారు. ఊరూరా ఆడబిడ్డలు ఆ చీర కట్టుకొని ఆడినప్పుడు, ఆ నేతలో ఒక పోగు బొంబాయిదని ఎవరికి గుర్తుంటుంది? గుర్తుండాలి. సిరిసిల్లలో ఊపిరి సలపని గదుల్లో, అప్పుల్లో బతుకు చాలించిన నేతన్నలూ ఉన్నారు. వాళ్లను కూడా మరవకూడదు.

మంట తగ్గుతోంది, ఇంకో మొద్దు వేయండి. ఇక దుబాయి.

మన దిక్కు మస్కట్ పోయినా, కువైట్ పోయినా, సౌదీ పోయినా దుబాయి పోయిండనే అంటాం. 1973 తర్వాత చమురు ధరలు ఎగబాకి ఆ దేశాల్లో కట్టడాలు జోరందుకున్నాయి. కట్టేవాళ్లు కావాలి. మన బావులు ఎండి ఉన్నాయి. రెండూ కలిశాయి. మా చిన్నాయిన మొదటిసారి ఒక ఏజెంటుకు పైసలు కట్టి, బొంబాయిలో మూడు నెలలు ఎదురుచూసి, వీసా దొంగదని తెలిసి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ అప్పు తీర్చాలంటే మళ్లీ అక్కడికే పోవాలి. వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకొని 1983లో విమానమెక్కాడు. సెంట్రింగు పని. ఎండకాలంలో ఇనుప సలాక ముట్టుకుంటే బొబ్బలెక్కేవట. క్యాంపులో పొద్దున ఖుబ్బూస్ రొట్టె, రాత్రి పప్పుచారు. పని ఇచ్చిన కఫీల్ దగ్గర పాసుపోర్టు. ఉండనిచ్చే అకామా కాగితం లేక, పట్టుబడతామని భయంతో దాక్కుని పనిచేసేవాళ్లను కల్లివెల్లి అనేవాళ్లు. ఈ మాటలన్నీ మన ఊళ్ల రచ్చబండల మీద కూడా తిరుగుతాయి. అరబ్బీ రాకుండానే అరబ్బీ మాటలు మన యాసలో కలిసిపోయాయి.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మన ఇండ్లల్లో పొయ్యి వెలగని రోజులున్నాయి. ఎయిరిండియా విమానాలు జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. మా వాడకట్టు మనిషి ఒకడు కట్టుబట్టలతో దిగాడు. ఆయన అవ్వ ఆ బట్టలనే దేవుడి గూట్లో పెట్టింది.

పోయినవాళ్ల కథ చెబితే సగమే చెప్పినట్టు. ఉన్నవాళ్ల కథ చెప్పాలి. చిన్నాయిన పెట్టెలోని క్యాసెట్లు మా ఇంట్లో ఉన్న పాత టేపు రికార్డరులో పెట్టి విన్నాం. అప్పట్లో ఫోను లేదు. చిన్నమ్మ మాటలు క్యాసెట్టులోకి ఎక్కించి, దుబాయి పోయేవాళ్ల చేతికిచ్చి పంపేది. ముందు గరగరమని చప్పుడు. తర్వాత ముప్పైయేండ్ల వయసు చిన్నమ్మ గొంతు. “పైసలు ముట్టినయ్. అత్తమ్మకు దగ్గు తగ్గింది. బోరుల నీళ్లు మంచిగ వచ్చినయ్. పసుపు పెట్టినం.” ఆ మాటల కింద ఒక చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. కరుక్, కరుక్, కరుక్. ఏమిటది అని అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చిన్నమ్మకే ముందు తెలిసింది. “కత్తెర. బీడీ ఆకు కత్తిరిస్తున్న,” అంది.

మగనికి మాట పంపుతూ కూడా చెయ్యి ఆపలేదు. చాట ఒళ్లో పెట్టుకొని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, రోజుకు వెయ్యి బీడీలు చేస్తే తప్ప ఇల్లు గడవని రోజులవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గల్లీల్లో ఏ అరుగు మీద చూసినా చాటలే. దుబాయి పైసలు అప్పు తీర్చాయి. బీడీ పైసలు అన్నం పెట్టాయి. పిల్లలను బడికి పంపింది, పంట కోయించింది, అత్తమామలను కడతేర్చింది ఈ ఆడవాళ్లే. వాటర్లూ విగ్రహంలో ఆడమనిషి కూడా సూట్‌కేసుల మీద నిలబడింది. మన విగ్రహం ఎవరైనా చేస్తే అందులో ఒక చాట, ఒక కత్తెర ఉండి తీరాలి.

ఇక నా మనసును బాగా కలచిన సంగతి చెబుతాను. విండ్‌రష్ తరం మనుషులకు ఏమైందో 2018లో బయటపడింది, విన్నారా? చిన్నప్పుడు అమ్మానాన్నల వెంట వచ్చి, యాభై ఏండ్లు పన్నులు కట్టి, పిల్లల పెండ్లిళ్లు చేసినవాళ్లను, మీరు ఇక్కడివాళ్లని కాగితం చూపండి అన్నారు. చూపలేనివాళ్ల ఉద్యోగాలు పోయాయి, కొందరికి వైద్యం అందలేదు, కొందరిని నిర్బంధించారు, కొందరిని ఏనాడో వదిలేసిన దీవులకు పంపేశారు. వాళ్లు ఓడ దిగిన నాటి కార్డులు ప్రభుత్వ కార్యాలయంలో ఉండేవి. 2010లో వాటిని నాశనం చేశారు. అప్పటి ప్రధాని థెరెసా మే 2018 ఏప్రిల్‌లో కరీబియన్ దేశాల నాయకులకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అంటే కాగితం చించితే మనిషి చరిత్రే చిరిగిపోతుంది.

అందుకే మూల కత్తిరించిన ఆ పాసుపోర్టును చెత్త అనకండి. అందులోని ముద్రలే ఒక మనిషి ఫలానా రోజున ఫలానా నేల మీద ఉన్నాడనడానికి సాక్ష్యం. కంపెనీ కార్డు, జీతం చీటీ, క్యాంపు ఫోటో, విమానం టికెట్టు ముక్క, ఏది దొరికినా దాచండి.

మనకూ వాళ్లకూ ఒక పెద్ద తేడా ఉంది. విండ్‌రష్ వాళ్లు పోయి అక్కడే ఉండిపోయారు. వాళ్ల మనవలు అక్కడే పుట్టి, మా తాతలేం చేశారో చెప్పండని ఆ దేశాన్ని నిలదీశారు. లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో నల్లవారి చరిత్ర కోసం ఒక భాండాగారమే కట్టించుకున్నారు. గల్ఫ్‌లో మనవాడు ముప్పై ఏండ్లు పనిచేసినా అక్కడివాడు కాలేడు. పని అయిపోతే పెట్టె సర్దుకొని రావాల్సిందే. కట్టిన భవనం అక్కడ, కట్టిన మనిషి ఇక్కడ. ఆ భవనంలో ఉండేవాళ్లకు మన పేరు తెలియదు. ఆ భవనం మనం చూడలేదు. ఇక గుర్తుపెట్టుకునేది ఎవరు? మనమే. వేరే దిక్కు లేదు.

2021 అక్టోబరులో దుబాయిలోని బుర్జ్ ఖలీఫా మీద మన బతుకమ్మను వెలుగులతో చూపించారు. 828 మీటర్ల కట్టడం మీద తంగేడు పూల రంగులు చూసి నా కండ్లు చెమర్చాయి. ఆ కట్టడాన్ని ఎత్తిన కూలీల్లో చాలామంది మన దక్షిణాసియా దేశాలవాళ్లే. పూలకు దక్కిన వెలుగు, ఆ ఎండలో నిలబడిన చేతులకూ ఒకరోజు దక్కాలి. శంషాబాద్ విమానాశ్రయంలో కొందరు అత్తరు వాసనతో దిగారు, కొందరు పెట్టెలో నిద్రపోతూ దిగారు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు అయిదు లక్షల రూపాయల సాయం ఇవ్వాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. అది ఇంటికి ఆసరా. పేరు నిలబెట్టే పని మాత్రం ఊరిది.

పెద్ద పెద్ద మ్యూజియాలు రేపే కట్టమని అడగడం లేదు. డిసెంబరు 18 అంతర్జాతీయ వలసదారుల దినం. ఆ రోజు ప్రతి ఊరి బడిలో పిల్లలు తమ ఇంట్లో బొంబాయి, భీవండి, దుబాయి పోయినవాళ్ల దగ్గర కూర్చొని నాలుగు మాటలు రాసుకొస్తే చాలు. ఊరి గ్రంథాలయంలో ఒక బీరువా ఖాళీ చేసి పాత పాసుపోర్టులు, క్యాసెట్లు, ఫోటోలు పెడితే చాలు. సిరిసిల్లలో ఒక పాత సాంచె, కోరుట్లలో ఒక బీడీల చాట, జగిత్యాల బస్టాండులో ఒక సూట్‌కేసు, పక్కన పోయినవాళ్ల పేర్లు. బస్టాండులో ఎందుకంటే, ఏడ్చి సాగనంపింది అక్కడే కదా.

మన ఇంట్లో మొదలుపెట్టాలి కాబట్టి మొన్న మేం మొదలుపెట్టాం. ఇదే మంట చుట్టూ, ఇలాగే కూర్చున్నాం. చిన్నాయిన మనవడు ఇంటర్ చదువుతున్నాడు. నేనే అడగమన్నాను. వాడు ఫోనులో దుబాయి పటం తెరిచి, “తాతా, నువ్వు కట్టిన బిల్డింగులు ఏవి?” అన్నాడు.

“ఏమో బిడ్డా, మస్తు కట్టినం. అన్నీ యాదికుంటయా?” అన్నాడు చిన్నాయిన.

వాడు పటాన్ని వేళ్లతో పెద్దది చేశాడు. చిన్నాయిన కండ్లజోడు పెట్టుకొని ముందుకు వంగాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయన వేలు కదిలింది. “ఇది నాసర్ స్క్వేర్. ఇగో, ఈ సందు. ఇటు మసీదుంటది. దాని ఎదురుంగ మూలకున్నది చూడు, ఏడు అంతస్తులది. నాలుగో అంతస్తు స్లాబు పోసేటప్పుడు నేను కింద సెంట్రింగు కాడున్న. రాత్రంతా పోసినం. తెల్లారంగ చూస్తే సముద్రం కనవడ్డది.”

“సముద్రం చూసిన్నని ఎన్నడు చెప్పకపోతివి?” అంది చిన్నమ్మ, చేతిలో చాట ఆపి.

“నువ్వు ఎన్నడన్న అడిగినవా?” అన్నాడాయన.

మనవడు ఆ చిన్న డైరీ తీశాడు. చివర్లో పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. డ్రాఫ్టుల లెక్క ముగిసిన చోట, తర్వాతి పేజీ పైన తాత పేరు రాశాడు. దాని కింద ఒకటి అని అంకె వేసి, నాసర్ స్క్వేర్, మసీదు ఎదురు మూల, ఏడంతస్తులు, నాలుగో అంతస్తు స్లాబు అని రాశాడు. రాసి, “రెండోది చెప్పు తాతా,” అన్నాడు.

చిన్నాయిన మొద్దును మంటలోకి జరిపి చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పటికి పధ్నాలుగు అయ్యాయి. ఖాళీ పేజీలు ఇంకా ఉన్నాయి.